గీజరు చూపు తప్పు గుర్తులు

పూర్వము మన పెరళ్లలో రాగి బాయిలరు ఉండెడిది. నడుమ గొట్టములో పుల్లలు, బొగ్గులు వేసి అంటించినచో చుట్టునున్న నీరు కాగెడిది. దానికి వచ్చు జబ్బు చిల్లి గాని మసి గాని. రెండును కంటికి కనబడునవే. నేడు తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలోని అనేక గృహములందు దాని చోట విద్యుత్తు గీజరు వెలసినది. దీని లోపము లోపలనే దాగియుండును. దీపము ఆరుట, మీట పడిపోవుట, కొన్నిటియందు చిన్న పలకపై ఇ1, ఇ2 వంటి గుర్తు కనబడుట, ఇవియే అది మనకు చేయు హెచ్చరికలు.

ఈ గుర్తులు కంపెనీని బట్టి మారును. కావున గీజరుతో వచ్చిన చిన్న పుస్తకమును పారవేయక పట్టాదారు పాసు పుస్తకముతోపాటు భద్రపరుపవలెను. గుర్తు ఏదైనను దాని వెనుకనుండు సంగతి తరచుగా ఈ నాలుగింటిలో నొకటి: వేడిని కొలుచు సెన్సారు చెడుట, తొట్టిలో నీరు లేక కాయిలు కాలుట, వేడి మితిమీరుట, విద్యుత్తు లీకగుట.

వేడి మితిమీరుటను గూర్చి కొంత విపులముగ చెప్పవలసియున్నది. నీరు తగినంత కాగగానే థర్మోస్టాటు కరెంటు ఆపును. అది చెడి ఆపకున్నచో, దాని వెనుక కాపలాయున్న కటౌటు ఆపును. పెక్కు గీజరులలో ఈ కటౌటు తనంత తాను తిరిగి కలియదు. అట్టిచో కొందరు పనివారు దానిని తప్పించి తీగను "డైరెక్టు" చేసి పోవుచుందురు. ఇంతకన్న ప్రమాదకరమగు పని లేదని మా దృఢాభిప్రాయము. మూసిన తొట్టిలో నీరు మరిగి ఒత్తిడి పెరుగును. మిగిలిన రక్షణ సేఫ్టీ వాల్వు ఒక్కటే. అదియు సున్నపు పొరచే బిగిసియున్నచో తొట్టి పగులును.

ఆ సున్నపు పొర మన ప్రాంతమునకు ముఖ్యమైన సంగతి. కాలువ నీటికన్న సముద్రము దరినున్న బాపట్ల, రేపల్లె గ్రామముల బోరు నీరు అనేక చోట్ల ఉప్పన, కఠినము. అట్టి నీరు కాగినకొలది కాయిలుపై తెల్లని పెచ్చు కట్టును. నీరు ఆలస్యముగ కాగుట, లోపల చిటపట శబ్దము వచ్చుట దీని తొలి జాడలు. పిమ్మట కాయిలు తొడుగు పగిలి, విద్యుత్తు నీటిలోనికి దిగును. బోరు నీరు వాడువారు ఏటేట ఆ పెచ్చు తీయించుట మేలు.

మీట పడినప్పుడు ఏ మీటయో చూడవలెను. ఎం.సి.బి. పడినచో కరెంటు మితిమీరి లాగబడినదని అర్థము. 2000 వాట్ల గీజరు సుమారు 9 ఆంపియర్లు లాగును. 6 ఆంపియర్ల సాకెట్టు దానిని భరింపజాలదు. ఆర్.సి.సి.బి. పడినచో విద్యుత్తు ఎచటనో లీకగుచున్నది. ఇండ్లలో వాడునది సాధారణముగ 30 మిల్లీ ఆంపియర్లకే పడును. అప్పుడు మెయిను ఆపి, పొడి చేతితో గీజరు ప్లగ్గు ఊడదీసి, మీట మరల ఎత్తి చూడవలెను. ఇప్పుడు నిలిచి, ప్లగ్గు పెట్టగానే పడుచున్నచో దోషము గీజరుదే. ఇక దానిని ముట్టరాదు. ఆ కుళాయి క్రింద స్నానమును చేయరాదు. పదే పదే మీట ఎత్తుట పిచ్చితనము.

మెకానికు వచ్చునాటికి పలకపై కనబడిన గుర్తును, అది నీరు కాగకముందు వచ్చెనో కాగిన పిమ్మట వచ్చెనో, కాగితముపై వ్రాసి యుంచవలెను.