లిక్విడ్ కూలర్ కొంటున్నారా? ముందు క్యాబినెట్‌ను టేపుతో కొలవండి

ఎండాకాలంలో కంప్యూటర్ వేడెక్కి నెమ్మదించడం హైదరాబాద్‌లో కొత్తేమీ కాదు. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లు, గేమ్స్ ఆడే కుర్రాళ్లు, ఇంట్లోనే డిజైనింగ్ పని చేసుకునేవాళ్లు ప్రాసెసర్‌కు మామూలు ఫ్యాన్ బదులు లిక్విడ్ కూలర్ పెట్టించుకుంటున్నారు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనూ, ఆన్‌లైన్‌లోనూ ఇవి దొరుకుతాయి. కొనడం తేలికే. వేలు పోసి కొన్న కూలర్ క్యాబినెట్‌లో పట్టకపోతేనే అసలు చిక్కు. సీల్ తీసిన బాక్సును వాపసు తీసుకోవడానికి చాలా షాపులు ఒప్పుకోవు. అందుకే డబ్బు కట్టకముందే కొలతలు చూసుకోవాలి.

బాక్సు మీద 360 అంటే ఏంటి?

లిక్విడ్ కూలర్‌లో ప్రాసెసర్ మీద కూర్చునే పంపు, రెండు గొట్టాలు, ఫ్యాన్లు బిగించే రేడియేటర్ ఉంటాయి. లోపలి ద్రవం ప్రాసెసర్ వేడిని రేడియేటర్‌కు చేరుస్తుంది, ఫ్యాన్లు ఆ వేడిని ఊదేస్తాయి.

బాక్సు మీద ఉండే అంకె ఫ్యాన్ల లెక్క. 120 మి.మీ. ఫ్యాన్లు రెండుంటే 240, మూడుంటే 360. 140 మి.మీ. ఫ్యాన్లు రెండుంటే 280, మూడుంటే 420. రేడియేటర్ అసలు పొడవు ఇంతకంటే ఎక్కువ, ఎందుకంటే రెండు చివర్లా ద్రవం నిలిచే చిన్న ట్యాంకులుంటాయి. 240 రేడియేటర్ సుమారు 275 మి.మీ., 360 రేడియేటర్ సుమారు 395 నుంచి 400 మి.మీ. ఉంటుంది. క్యాబినెట్‌లో 370 మి.మీ. జాగా ఉంది కదా అని 360 కొంటే అది లోపలికే వెళ్లదు.

240 పట్టే చోట 280 కూడా పడుతుందనుకోవద్దు. 280 వెడల్పు ఎక్కువ, స్క్రూ రంధ్రాల దూరం కూడా వేరు.

ఎక్కడ పడుతుందో అడగండి

‘360 సపోర్ట్’ అనే మాట ఒక్కటే సరిపోదు. పైనా, ముందా, పక్కనా అన్నది తేల్చుకోవాలి. ఉదాహరణకు ఎన్‌జడ్‌ఎక్స్‌టీ హెచ్510 క్యాబినెట్‌లో ముందు వైపు 280 వరకే పడుతుంది, పైన రేడియేటర్‌కు చోటే లేదు. లియన్ లీ ఓ11 డైనమిక్‌లో మాత్రం పైన, పక్కన, కింద మూడు చోట్లా 360 పెట్టుకోవచ్చు.

పైన బిగిస్తే మందం, ర్యామ్ ఎత్తు

మామూలు రేడియేటర్ మందం 27 మి.మీ., ఫ్యాన్ మందం 25 మి.మీ. రెండూ కలిపి 52 మి.మీ. కిందికి దిగుతుంది. ఆర్కటిక్ లిక్విడ్ ఫ్రీజర్ 3 లాంటి వాటిలో రేడియేటరే 38 మి.మీ., అంటే మొత్తం 63.

క్యాబినెట్ పైకప్పుకూ మదర్‌బోర్డు పై అంచుకూ మధ్య ఇంత ఖాళీ ఉంటే బేఫికర్. లేకపోతే ర్యామ్, హీట్‌సింక్, ప్రాసెసర్ పవర్ కేబుల్ అడ్డం రావచ్చు. పొట్టి ర్యామ్ స్టిక్ ఎత్తు 31 మి.మీ. దగ్గర ఉంటుంది, లైట్లున్న ఆర్‌జీబీ ర్యామ్ 44 మి.మీ., కొన్ని 50 కూడా దాటుతాయి. పైన రేడియేటర్ పెడితే ర్యామ్ ఎంత ఎత్తు వరకు ఉండొచ్చో కొన్ని కంపెనీలు మాన్యువల్‌లోనే రాస్తాయి.

ముందు బిగిస్తే గ్రాఫిక్స్ కార్డు పొడవు

క్యాబినెట్‌లో 360 మి.మీ. కార్డు పడుతుందని రాసి ఉందనుకోండి. అందులోంచి 52 తీసేస్తే మిగిలేది 308. మీ కార్డు 320 ఉంటే తగులుతుంది. కొన్ని కంపెనీలు ముందు ఫ్యాన్ మందాన్ని తీసేశాకే కార్డు కొలత ఇస్తాయి. అప్పుడు రేడియేటర్ మందం ఒక్కటే తీసేస్తే చాలు.

ఇంకో సంగతి. లోపలి కొద్దిపాటి గాలి ఎప్పుడూ అన్నిటికంటే ఎత్తైన చోటికి చేరుతుంది. ఆ చోటు పంపు కాకూడదు, అయితే గరగర శబ్దం వస్తుంది, పంపు త్వరగా పాడవుతుంది. కాబట్టి రేడియేటర్ పై అంచు పంపు కంటే ఎత్తులో ఉండాలి. గొట్టాలు అక్కడి నుంచి ప్రాసెసర్ దాకా అందుతాయా అన్నదీ చూడాలి.

కొనేముందు ఇవి చూడండి

1. బిల్లులో క్యాబినెట్ మోడల్ పేరు చూసి, కంపెనీ సైట్‌లో రేడియేటర్ సపోర్ట్ వివరాలు చదవండి. పేరు లేని లోకల్ క్యాబినెట్ అయితే సైడ్ ప్యానెల్ తీసి టేపుతో కొలవండి.
2. కూలర్ వివరాల్లో రేడియేటర్ పొడవు, వెడల్పు, మందం రాసుకోండి. ఫ్యాన్ మందం కలపండి.
3. ర్యామ్ ఎత్తు, గ్రాఫిక్స్ కార్డు పొడవు సరిచూడండి.
4. మీ ప్రాసెసర్ సాకెట్‌కు కావాల్సిన బ్రాకెట్ బాక్సులో ఉందో లేదో అడగండి. 2021లో ఎల్‌జీఏ 1700 సాకెట్ వచ్చినప్పుడు చాలా పాత కూలర్లకు కొత్త బ్రాకెట్ అవసరమైంది.

కొలతలు కుదరకపోతే కూలర్ కోసం క్యాబినెట్ మార్చాల్సిన పని లేదు. మధ్యరకం ప్రాసెసర్‌కు మంచి ఎయిర్ కూలర్ సరిపోతుంది, దానికి ముఖ్యంగా ఎత్తు చూసుకోవాలి. పైగా లిక్విడ్ కూలర్ ఏసీ కాదు. గది 40 డిగ్రీలుంటే ప్రాసెసర్ అంతకంటే చల్లబడదు. అలాంటప్పుడు పెద్ద రేడియేటర్‌ను ఇరికించడం కన్నా లోపలికి గాలి బాగా ఆడేలా చూసుకోవడమే లాభం.