నిజాం పాలన పతనం – తెలుగు సినిమా: సామాన్యుల భాగస్వామ్యం

కీలకపదాలు: నిజాం పాలన, సైనికచర్య, గడీ, పట్వారీ, మా భూమి, దాసి, రజాకార్.

నియంతృత్వ పతనాన్ని చిత్రించే యుద్ధచిత్రాలకు ఒక చిక్కు తప్పదు. పాలకుడు ఓడిపోతాడు; అతని ఆజ్ఞలను అమలు చేసినవారు మాత్రం మిగిలే ఉంటారు. 2004 నాటి జర్మన్ చిత్రం 'డౌన్‌ఫాల్' హిట్లర్ కార్యదర్శి ట్రౌడ్ల్ యుంగె వాస్తవ సాక్ష్యంతో మొదలై, దానితోనే ముగుస్తుంది. చిన్న వయసు సాకు కాజాలదని ఆమె వృద్ధాప్యంలో అంగీకరిస్తుంది. తెలుగు సినిమా ఇదే ప్రశ్న వేయదగిన చరిత్ర హైదరాబాద్ సంస్థానానిది.

1948 సెప్టెంబర్ 13న మొదలైన సైనికచర్య అయిదు రోజుల్లో ముగిసింది. ఖాసిం రజ్వీ జైలు పాలయ్యాడు. ఉస్మాన్ అలీఖాన్ మాత్రం 1950 నుండి 1956 దాకా రాజప్రముఖ్‌గా కొనసాగాడు. అంటే పతనమైన పాలకునికే కొత్త వ్యవస్థలో పదవి దక్కింది. ఇక ఊరి దొర సంగతి చెప్పేదేముంది?

గౌతమ్ ఘోష్ 'మా భూమి' (1980) ఈ కొనసాగింపును సూటిగా పట్టుకొంది. సైన్యం వచ్చాక పారిపోయిన దొర గాంధీటోపీతో తిరిగివస్తాడు. అయితే ఆ చిత్రంలో జనం ప్రధానంగా పీడితులు, లేదా పోరాడేవారు. గడీ ముందు కర్ర పట్టి నిలిచినవాడూ ఆ ఊరివాడేనన్న విషయం కథను కదిలించదు.

యాటా సత్యనారాయణ 'రజాకార్' (2024) నేరాన్ని రజ్వీ మీద, అతని సేన మీద కేంద్రీకరిస్తుంది. రజాకార్ల హింస వాస్తవమే. కాని విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి వంటి హిందూ భూస్వాములు ఆ రాజ్యానికే ఆసరాగా నిలిచారు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను బలిగొన్నది ఆ దేశ్‌ముఖ్ మనుషుల తుపాకులే. పాలనను ఒక మతానికి కుదిస్తే ఈ పొత్తు కనుమరుగవుతుంది. దానితోపాటే ప్రేక్షకుడు తనవారి గురించి వేసుకోవలసిన ప్రశ్న కూడా.

విచిత్రమేమంటే, యుద్ధం గాని పతనం గాని లేని బి. నర్సింగరావు 'దాసి' (1988) ఈ భాగస్వామ్యాన్ని అన్నిటికన్నా నిశితంగా చూపింది. దొర వల్ల గర్భవతి అయిన ఆడబాప కమలాక్షికి బలవంతంగా గర్భస్రావం చేయిస్తారు. ఆ పని చేసే చేతులు దొరవి కావు, తోటి స్త్రీలవి. వారిలో ద్వేషం కనిపించదు. రోజువారీ చాకిరీలో అదీ ఒకటి.

ఈ మూడింటిలో ఏదీ పట్వారీ కథ కాదు. రైతు సాగుచేసిన భూమిని దొర పేర ఎక్కించిన లెక్కలు అతని దస్తూరీలోనే ఉండేవి. రాజ్యం మారినా పట్వారీ పదవి పోలేదు. 1980ల దాకా ఊరి పహాణీ అతని చేతిలోనే ఉంది.