పండక్కి పాపకు ఏం కొందాం?

డిసెంబరు నెల వచ్చింది. తర్లుపాడు చుట్టుపక్కల పల్లెల్లో ఇళ్ల ముందు కాగితం నక్షత్రాలు వేలాడుతున్నాయి. రాత్రిపూట పాటలు పాడేవాళ్లు ఇంటింటికీ తిరుగుతున్నారు. క్రిస్మస్ పండగ దగ్గర పడింది.

ఒక ఇల్లు అనుకోండి. ఆ ఇంట్లో ఐదేళ్ల పాప ఉంది. ఇప్పుడు అంగన్‌వాడీకి పోతోంది. వచ్చే జూన్‌లో బడిలో చేరుతుంది. పత్తి తీసిన కూలి డబ్బుల్లో 300 రూపాయలు పాప కోసం పక్కన పెట్టారు.

"బ్యాటరీ కారు కొందాం అత్తా. లైట్లు వెలుగుతాయి, పాట పాడుద్ది" అంది కోడలు.

"నాలుగు రోజులు పాడుద్ది. తర్వాత మూల పడుద్ది. బడికి పోయే పిల్లకు సంచి కొనమ్మా" అంది అత్త.

ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. పాప సంతోషపడాలి. కొన్నది బడికీ పనికిరావాలి. మరి ఏం కొనాలి?

ముందు సంచి సంగతి చూద్దాం. ప్రభుత్వ బడిలో చేర్చే పిల్లకు సంచి కొనే పని లేదు. 2020 నుంచి మన రాష్ట్రంలో బడి పిల్లలకు సామాన్ల కిట్టు ఇస్తున్నారు. పథకం పేరు మారింది గానీ కిట్టు ఆగలేదు. 2025 జూన్‌లో "సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర" పేరుతో ఇచ్చారు. అందులో సంచి, పుస్తకాలు, యూనిఫాం గుడ్డ, బూట్లు, బెల్టు ఉన్నాయి. బూట్లయితే అసలే తొందరపడి కొనకూడదు. డిసెంబరులో సరిపోయిన బూటు జూన్‌కు ఇరుకవుతుంది. పిల్లల కాళ్లు ఆగవు కదా!

ఇక బ్యాటరీ కారు. కొన్ని బొమ్మల్లో గుండీ అంత బ్యాటరీలు ఉంటాయి. చిన్న పిల్లలు వాటిని మింగే ప్రమాదం ఉంది. మింగితే గొంతు లోపల కాలిపోతుంది. ఇంట్లో ఆగకుండా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. 2021 జనవరి 1 నుంచి పిల్లల బొమ్మల మీద ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి చేశారు. సంతలో బొమ్మ కొనేటప్పుడు అట్ట పెట్టె తిప్పి ఆ గుర్తు ఉందా అని చూడండి. మీకు ఇప్పుడు చదవడం వచ్చు. కొట్టువాడు చెప్పిన మాట మీదే ఆధారపడక్కర్లేదు.

మరి ఏం కొనాలంటే, మన కాళ్ల కింద ఉన్నదే ఒకటుంది. అదే పలక.

మార్కాపురం పలకలకు పేరున్న ఊరు. మార్కాపురం, తర్లుపాడు ప్రాంతాల భూమిలో పలక రాయి ఉంది. ఎంతో కాలం కిందటి బంకమట్టి భూమి లోపలి ఒత్తిడికి, వేడికి గట్టిపడి ఈ రాయి అయింది. అందుకే ఇది పొరలు పొరలుగా విడిపోతుంది. ఆ పొరను కోసి, నునుపు చేసి, చుట్టూ చెక్క బిగిస్తే పలక తయారు. ఇక్కడి పలకలు దూర దేశాలకూ పోయాయి. తర్వాత ప్లాస్టిక్ పలకలు వచ్చాయి, నోటు పుస్తకాలు వచ్చాయి. రాసే పలకకు గిరాకీ తగ్గింది. ఇప్పుడు ఆ రాయిని ఎక్కువగా ఇళ్ల నేలకు, గోడలకు వాడుతున్నారు.

పలకలో ఒక దుఃఖం కూడా ఉంది. 1980లలో మార్కాపురం పలకల పనిలో చిన్న పిల్లలు ఉండేవారు. ఊరూరి పిల్లలు రాసుకునే పలకల్ని బడి మొహం చూడని పిల్లలు తయారు చేశారు. రాయి కోసేటప్పుడు లేచే దుమ్మును ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి. ఆ జబ్బును సిలికోసిస్ అంటారు. 1986లో బాలకార్మికుల చట్టం వచ్చింది. తర్వాత పలక బలపాల తయారీని ప్రమాదకరమైన పనుల్లో చేర్చారు. 2016లో ఆ చట్టాన్ని ఇంకా గట్టి చేశారు. 14 ఏళ్లలోపు పిల్లల్ని కూలికి పెట్టుకోవడం నేరం.

ఇప్పుడు మన పాప దగ్గరికి వద్దాం. ఐదేళ్ల పిల్ల వేళ్లకు ఇంకా బలం రాదు. పెన్సిలుతో కాగితం మీద రాయమంటే చిరుగుతుంది, ముక్కు విరుగుతుంది, పిల్ల ఏడుస్తుంది. పలక మీద తప్పు రాస్తే తుడిచేయొచ్చు. ఎన్నిసార్లు రాసినా కొత్త కాగితం కొనక్కర్లేదు. అందుకని పిల్లకు భయం ఉండదు. బలపం పొడుగ్గా ఇవ్వొద్దు. చిన్న ముక్క ఇస్తే మూడు వేళ్లతో పట్టుకోవడం దానంతట అదే వస్తుంది. ఎడమ చేత్తో పట్టుకుంటే పట్టుకోనివ్వండి. కొట్టి చెయ్యి మార్చొద్దు.

ముందే అ, ఆ లు పెట్టొద్దు. గీతలు గీయనివ్వండి. సున్నాలు చుట్టనివ్వండి. కోడి, చెట్టు, ఇల్లు, ఏదైనా సరే. ఉమ్మితో తుడవకుండా ఒక తడి గుడ్డ ముక్క ఇవ్వండి. చెక్క వదులైన రాతి పలకను కొనొద్దు, అంచు కోసుకుంటుంది.

పిల్ల బలపాలు తింటుంటే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. మట్టి, బలపం తినే పిల్లల్లో చాలాసార్లు రక్తం తక్కువగా ఉంటుంది. తిట్టి లాభం లేదు. ఆశా కార్యకర్తకు చెప్పి రక్త పరీక్ష చేయించండి.

పండగ అయ్యాక మన వైపు నుంచి చాలా మంది మిరపకాయల కోతకు గుంటూరు వైపు పోతారు. పిల్లల్నీ వెంట తీసుకుపోతారు. అంగన్‌వాడీ అక్కడితో ఆగిపోతుంది. పిల్లను అమ్మమ్మ దగ్గర ఉంచి పోగలిగితే అదే మేలు. కుదరకపోతే పలకను బట్టల మూటలో పెట్టుకోండి. చేను గట్టు మీద కూడా రాసుకోవచ్చు. దానికి బ్యాటరీ అక్కర్లేదు. జూన్‌లో బడి తెరిచే వేళకు మాత్రం ఊరికి తిరిగి రావాలి.

పలక, బలపాలు కొన్నాక ఇంకా డబ్బులు మిగులుతాయి. ఒక రబ్బరు బంతి కొనండి. ఆటలేని పండగ పిల్లకు పండగే కాదు. ఒక బొమ్మల కథల పుస్తకం కొనండి. నేషనల్ బుక్ ట్రస్టు వాళ్లు తెలుగులోనూ ఇలాంటి పుస్తకాలు వేస్తారు. పేజీకి రెండు మూడు వాక్యాలున్నది చూసుకోండి. అది పాపకూ సరిపోతుంది, మీకూ సరిపోతుంది. లెక్కలకు చింతపిక్కలు ఇంట్లోనే ఉన్నాయి.

ఆడపిల్లకు గిన్నెల సెట్టు, మగపిల్లవాడికి కారు అని చాలా మంది విడదీస్తారు. పలక ఇద్దరికీ ఒకటే. ఇద్దరు పిల్లలుంటే రెండు కొనండి. ఒకటే కొంటే అది అన్న చేతిలోనే ఉంటుంది, చెల్లి చూస్తూ కూర్చుంటుంది.

"నా రాత వంకరగా ఉంటుంది, పిల్లకు నేనేం చూపిస్తాను?" అని కోడలికి సందేహం వచ్చింది. వంకరగా ఉంటే ఉండనీ. అమ్మ చెయ్యి రాయడం పిల్ల చూడాలి. పండగ ముందు రాత్రి పాప నిద్రపోయాక ఆమె పలక తీసింది. పైన పాప పేరు రాసింది. ఒక అక్షరం కుదరలేదు, తుడిచి మళ్లీ రాసింది. పలకను పాప దిండు పక్కన పెట్టింది.

తెల్లవారింది. పాప లేచి పలక చూసింది. "అమ్మా, ఇదేంది?" అని వేలు పెట్టి అడిగింది.

"నీ పేరు" అంది అమ్మ.