మీకు తెలుసా? మెట్రో స్టేషన్ పేరులో ఓ ఫ్రెంచి ఇంటిపేరు

హత్నూర నుంచి సంగారెడ్డి, పటాన్‌చెరు దాటి మియాపూర్‌లో ఎల్బీనగర్ మెట్రో ఎక్కితే, దిల్‌సుఖ్‌నగర్‌కు ఒక స్టేషన్ ముందు మూసారాంబాగ్ వస్తుంది. ఈ మూసారాం మన రామయ్యల్లో ఒకడు కాడు. ఫ్రెంచివాడైన మొస్యూ రేమండ్!

రేమండ్ అనేది మొదట ఇంటిపేరే కాదు, జర్మానిక్ తెగల వెంట ఫ్రాన్సుకు వచ్చిన మనిషి పేరు. తులూజ్ ప్రభువులు తరతరాలుగా పెట్టుకోవడంతో దక్షిణ ఫ్రాన్సంతా పాకింది. తండ్రి పేరే పిల్లలకు ఇంటిపేరుగా స్థిరపడే రోజుల్లో ఇదీ అలాగే నిలిచింది. వలస వెళ్లినవారితో కెనడాకూ చేరింది. అక్కడ పెద్దగా మారలేదు గానీ, హైదరాబాద్ జనం నోట పడ్డాక గుర్తుపట్టడం కష్టమే!

మిషెల్ రేమండ్ 1755లో గాస్కనీలో పుట్టాడు. 1775లో పుదుచ్చేరికి వచ్చి, తర్వాత నిజాం అలీఖాన్ కొలువులో చేరి పెద్ద పటాలాన్నే నడిపాడు. గన్‌ఫౌండ్రీలోని ఫిరంగుల కార్ఖానా అతని చలవే. హిందువులకు మూసారాం, ముస్లింలకు మూసా రహీం అయ్యాడని చెబుతారు. 1798 మార్చి 25న చనిపోయాడు. ఆ అక్టోబరులోనే ఇంగ్లీషువాళ్లు అతని పటాలం ఆయుధాలు లాక్కున్నారు. సమాధి ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఉంది. పక్కనున్న మండపం ఒకసారి కూలిపోతే మళ్లీ కట్టారు.