సైనసు శస్త్రచికిత్స - ఆంటీబయాటిక్కుల వినియోగము

ఇంటిలోని మందుల పెట్టె సాధారణముగా గృహిణి చేతిలోనే యుండును. పడిసెము పట్టిన బిడ్డకైనను, తలనొప్పితో బాధపడు పెద్దలకైనను మాత్ర తీసి యిచ్చునది ఆమెయే. కావున ఆంటీబయాటిక్కుల సంగతి ఆమె చక్కగా నెరిగి యుండుట మిక్కిలి యవసరము.

నొసటను, చెక్కిళ్ల వెనుకను, కన్నుల నడుమను, ముక్కు వెనుక లోతునను ఎముకలలో నాలుగు జతల గాలిగదులు కలవు. ఇవియే సైనసులు. వాపుచే వీని సన్నని ద్వారములు మూసికొనిపోయినచో లోని చీమిడి వెలికి రాక నిలిచి చెడును. వ్యాధి 12 వారములు దాటియు మందులకు లొంగనప్పుడు వైద్యులు కొందరికి శస్త్రచికిత్స చేయుదురు. నేడు ముక్కుపుటము గుండ సన్నని దుర్భిణీగొట్టమును పంపి యా ద్వారములను విశాలము చేయుచున్నారు. సాధారణముగా ముఖముపై గాటు పడదు.

ఆంటీబయాటిక్కులు బాక్టీరియాలను చంపును గాని, జలుబును గలిగించు వైరసులను చంపజాలవు. 1928లో లండనున పెన్సిలినును కనుగొనిన ఫ్లెమింగు పండితుడు, 1945లో నోబెల్ బహుమానము నందుకొనిన సందర్భముననే, చాలీచాలని మోతాదులో వాడినచో సూక్ష్మజీవులు మందునకు లొంగనివగునని హెచ్చరించెను.

శస్త్రచికిత్సకు పూర్వము చీము కనబడినచో వైద్యుడు దానిని పరీక్ష చేయించి తగిన మందును నిర్ణయింపవచ్చును. అవసరమని తోచినచో శస్త్రచికిత్సకు ముందు గంటలోపల నరము ద్వారా ఒక మోతాదు నిచ్చుటయు గలదు. పూర్వమెన్నడైన మందు వలన దద్దురులు గాని, ఆయాసము గాని కలిగియున్న ఆ సంగతి ముందుగనే చెప్పవలెను.

పిమ్మట దీర్ఘకాలము మాత్రలు మ్రింగినకొలది గాయము త్వరగా మానునని పలువురు తలంతురు. ఇది సరి కాదు. అందరికిని అలవాటుగా నిచ్చుట వలన విశేష ప్రయోజనము కలదని పరిశోధనలలో స్పష్టపడలేదు. విరేచనములు, దద్దురులు మాత్రము కలుగవచ్చును. వైద్యుడు వ్రాసియిచ్చినచో చెప్పిన వేళకు, చెప్పినన్ని దినములు వాడవలెను. ఆయన నడుగక మానుటయు, పొడిగించుటయు తగదు.

గాయము మానుటకు ముఖ్యముగా తోడ్పడునది ఉప్పునీటితో ముక్కు కడుగుట. అందులకు కాచి చల్లార్చిన నీటినే వాడవలెను. కుళాయి నీరు పనికిరాదు. సీసాను ప్రతిదినమును శుభ్రపరచవలెను. కొన్నిదినములు ముక్కు దిబ్బడయు, నెత్తుటి చారలు గల చీమిడియు సహజములే. ముక్కును గట్టిగా చీదరాదు.

అయితే తీవ్రజ్వరము, కంటి చుట్టును వాపు, చూపు మందగించుట, మెడ బిగియుట, భరింపరాని తలనొప్పి, ఆగని రక్తస్రావము, ముక్కునుండి తేటనీరు ఎడతెగక కారుట - వీనిలో నేది కనబడినను క్షణమాలసింపక వైద్యుని కడకు పోవలెను.

మిగిలిన మాత్రలను దాచి మరొకరి పడిసెమునకు ఇయ్యకుడు. మన దేశమున మాత్రల అట్టపై నిలువుగా నున్న ఎర్రగీత, వైద్యుని చీటి లేనిదే వాడరాదనుటకు గుర్తు. నేడు అనవసరముగా వాడిన మందు రేపు బిడ్డకు నిజమైన ఆపద వచ్చినప్పుడు పనిచేయకపోవచ్చును. ఇంటివారి యారోగ్యమును కోరు ఇల్లాలు మందు నిచ్చుటయందే కాక, ఇయ్యకుండుటయందును వివేకము చూపవలెను.