ఒకే మానిటర్, ఇద్దరి పని

దోహాలో చాలామంది తెలుగువాళ్లం రెండు గదుల ఫ్లాట్లలోనే సర్దుకుంటాం. రెండో మానిటర్ కొనగలిగినా, దాన్ని పెట్టే బల్లకు చోటుండదు. మా ఇంట్లోనూ అంతే. మావారి ఆఫీసు ల్యాప్‌టాప్‌కీ, నా డెస్క్‌టాప్‌కీ కలిపి 24 అంగుళాల మానిటర్ ఒక్కటే.

నేను ఇండియా నుంచి నడిచే అకౌంట్స్ కోర్సు ఆన్‌లైన్‌లో చదువుతున్నాను. అక్కడ సెలవు కాబట్టి క్లాసు ఆదివారం. ఇక్కడేమో ఆదివారం వారంలో మొదటి పనిదినం. అక్కడ రాత్రి ఎనిమిదంటే మనకు సాయంత్రం ఐదున్నర. సరిగ్గా ఆయన ఇంటికొచ్చి మిగిలిన పని ముందేసుకునే వేళ. "ఒక్క ఐదు నిమిషాలు" అంటూ కేబుల్ తీసి తన ల్యాప్‌టాప్‌కి పెట్టుకునేవారు. అది మళ్లీ నా వైపు వచ్చేసరికి క్లాసులో ఆ లెక్క దాటిపోయేది.

దీనికి మందు కేవీఎం స్విచ్. కేవీఎం అంటే కీబోర్డు, వీడియో, మౌస్. రెండు కంప్యూటర్ల నుంచీ ఒక్కో హెచ్‌డీఎంఐ కేబుల్, ఒక్కో యూఎస్‌బీ కేబుల్ ఈ చిన్న డబ్బాలోకి వస్తాయి. మానిటర్, కీబోర్డు, మౌస్ కూడా దీనికే తగిలిస్తాం. బటన్ నొక్కితే మూడూ కలిసి ఒక కంప్యూటర్ నుంచి రెండోదానికి మారతాయి.

కొనేముందు ఇవి చూసుకోండి:

• మీ మానిటర్‌కి రెండు హెచ్‌డీఎంఐ పోర్టులుంటే, బొమ్మ మార్చడానికి దాని మీదున్న ఇన్‌పుట్ బటనే చాలు. అప్పుడు పైసా ఖర్చు లేదు. కీబోర్డు, మౌస్ మాత్రం విడివిడిగా ఉండాలి.

• షాపులో 'స్ప్లిటర్' ఇస్తే తీసుకోవద్దు. అది ఒక కంప్యూటర్ బొమ్మను రెండు తెరలకు పంచుతుంది. మనకు కావలసింది దానికి తిరగేసినది.

• ఫుల్ హెచ్‌డీ మానిటర్‌కి మామూలు స్విచ్ సరిపోతుంది. 4కె అయితే 60 హెర్ట్జ్ ఇస్తుందో లేదో అడగండి.

• ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ-సి మాత్రమే ఉంటే అడాప్టర్ కావాలి. ఆ పోర్టు నుంచి వీడియో వస్తుందో లేదో ముందే తెలుసుకోండి.

• హెడ్‌సెట్‌ని స్విచ్‌కి కాకుండా నేరుగా మీ కంప్యూటర్‌కే పెట్టుకోండి. తెర అవతలికి వెళ్లినా పాఠం వినిపిస్తూనే ఉంటుంది.

• ఆఫీసు ల్యాప్‌టాప్ తగిలించే ముందు ఆ ఆఫీసు ఐటీ వాళ్లను అడగడం మంచిది.

అయితే స్విచ్ ఒక తెరను రెండు చేయదు. ఒకసారికి ఒక్కరికే. ఆ ఒక్కరు ఎవరన్నది బటన్ తేల్చదు, ఇంట్లోవాళ్లే తేల్చుకోవాలి. జీతం తెచ్చే పని ముందు, ఆడవాళ్ల చదువు ఎప్పుడైనా చేసుకోవచ్చు అనే లెక్క చాలా ఇళ్లలో ఎవరూ పైకి అనకుండానే నడుస్తుంటుంది. మేము వేరే లెక్క వేసుకున్నాం. ల్యాప్‌టాప్‌కి సొంత తెర ఉంది, డెస్క్‌టాప్‌కి లేదు. కాబట్టి క్లాసు అయ్యేదాకా మానిటర్ నాది. తర్వాత బటన్ ఆయనే నొక్కుకుంటారు.