కంచె చేను మేసిన వేళ

లేపాక్షి పెద్ద నందికి కూతవేటు దూరమున మా పెద్దమ్మ యిల్లుండెడిది. నలువదియేండ్లు నిండకమునుపే ఆమె వ్రేళ్లు వంకరపోయినవి. తెల్లవారునప్పటికి కీళ్లు బిగిసికొని నీళ్లచెంబునైనను ఎత్తలేకపోయెడిది. మా చిన్నమ్మకును అదే బాధ మొదలుకాగా ఊరివారు, "అది ఆ యింటి రక్తములోనే యున్నది, ఆ పిల్లను చేసికొనరాదు" అనిరి. పెద్దమ్మ కూతురికి కుదిరిన సంబంధ మొకటి ఆ మాటతో తప్పిపోయినది. ఆ మాటలో నిజమెంత?

మన రక్తమునందలి తెల్లకణములు దేహమునకు కావలివారు. వెలుపలినుండి చొచ్చిన క్రిములను పట్టి చంపుట వాని పని. తనదేదో పరాయిదేదో గుర్తించుటలో అవి పొరబడినచో సొంత దేహముమీదనే తిరుగబడును. కంచెయే చేను మేసినట్లు! కీళ్లలోని పొరపై బడిన రూమటాయిడ్ కీళ్లవాతము. ఇన్సులిన్ తయారుచేయు కణములపై బడిన మొదటిరకపు మధుమేహము. చర్మమునకు రంగునిచ్చు కణములపై బడిన బొల్లి. బొల్లిని కుష్ఠమని భ్రమించి దూరముంచువారు నేటికిని గలరు. అది అంటువ్యాధి కానే కాదు.

దేహమందలి కొన్ని కణములు తమకు చిక్కిన మాంసకృత్తుల తునకలను పళ్లెరములో పెట్టినట్లు కావలివారికి చూపును. ఆ పళ్లెరములను చేయు జన్యువులు ఆరవ క్రోమోసోముపై నున్నవి. వానికి హెచ్.ఎల్.ఏ. జన్యువులని పేరు. 1958లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు జాఁ దోసే వీని జాడ కనుగొనెను. 1980లో మరి యిద్దరితోపాటు ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. పళ్లెరపు ఆకారము మనిషి మనిషికి మారును. కీళ్లవాత రోగులలో పెక్కుమందికి ఆ పళ్లెరమున ఒకచోట, 70 మొదలు 74 వరకు గల అయిదు అమైనో ఆమ్లముల వరుస ఇంచుమించు ఒక్కటేయని 1987లో గ్రెగర్సన్ అను శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులును చూపిరి.

అట్లని ఊరివారి మాట నెగ్గినట్లా? ఒకే అండమునుండి పుట్టిన కవలల జన్యువులు ఒక్కటే. అయినను వారిలో ఒకరికి ఈ వ్యాధి వచ్చినచో, రెండవవారికి వచ్చుట నూటికి సుమారు 15 జంటలలోనే. అనంతపురపు మెట్టరైతునకు ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. ఒకే వేరుసెనగ విత్తనము వాన పడిన చేన పండును, పడని చేన ఎండును. ఈ వ్యాధికి పొగ త్రాగుట అట్టి వాన. (వాన మేలు, పొగ కీడు, పోలిక అంతవరకే.) పైగా ఈ జన్యువులు తల్లినుండియే కాక తండ్రినుండియు వచ్చును. పురుషులకన్న స్త్రీలకు ఈ వ్యాధి రెండు మూడు రెట్లు ఎక్కువ. నింద మాత్రము అంతకు ఎన్నో రెట్లు.

భీమవరమున 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తన బృందముతో ఫోలిక్ ఆమ్లమును అడ్డగించు మందులను రూపొందించెను. అవి రక్తపు కాన్సరు కొరకు వాడబడినవి. 1948లో ఆయన మరణించెను. వానిలో ఒకటి కీళ్లవాతమునకును పనిచేయునని 1951లో తెలిసెను. ఆ కుటుంబమునకే చెందిన మెథోట్రెక్సేట్ నేడు, వైద్యుని పర్యవేక్షణలో వారమునకొక్కసారి, ఆ వ్యాధికి మొదట నిచ్చు మందు.

పెద్దమ్మకు అది అందునప్పటికి వ్రేళ్లు చాపరాని స్థితికి వచ్చినవి. సంబంధము తప్పిన ఆమె కూతురు, నా చెల్లెలు, ఆ తరువాత హిందూపురపు కోడలైనది. ఇప్పుడు అరువది దాటినది. నేటికిని తెల్లవారుజామున లేచి, కల్లాపి చల్లి, తన వ్రేళ్లతోనే వాకిట ముగ్గు పెట్టుచున్నది.